మంజీరా తీరమున శాస్త్రాన్వేషణము: రాయి, నీరు, ప్రాణికోటి

ప్రతివర్షమును మన మహాసభా సంచికలయందు రాజవంశముల చరిత్రములును, దేవాలయముల ప్రాశస్త్యమును, పూర్వపురుషుల దానధర్మములును వర్ణింపబడుచుండుట పాఠకమహాశయులెఱిగినదే. అవి యన్నియు వ్రాయదగినవియే. అయినను రాజులకంటెను కోటలకంటెను ముందుగ బుట్టి, మనము దున్నునపుడును ద్రాగునపుడును మనతో నెడబాయక యుండు రెండు వస్తువులకు చరిత్రము వ్రాసినవారు మనలో నరుదు. అవి మన కాళ్లక్రింది రాయియు, ఆ రాతి సందులలోని నీరును. వీనిని గూర్చియు, వీని నాశ్రయించి బ్రదుకు మృగపక్షులను గూర్చియు రెండువందల సంవత్సరములుగ శాస్త్రజ్ఞులు మన సీమలో చేసిన పరిశోధనమును యథాశక్తి సంగ్రహించి యీ సంచికకు సమర్పించుచున్నాను. ఇది పండితుల వినోదమునకై వ్రాసినది కాదు. బావి యెండిన రైతునకును, బోరు వేయించుటకై యప్పుచేసిన గృహస్థునకును, బిడ్డలకు చదువు చెప్పింప గోరు తలిదండ్రులకును దీనితో బని గలదు.

ప్రదేశ వర్ణనము

పెద్దకొడప్‌గల్ నేడు కామారెడ్డి జిల్లాలోని మండల కేంద్రము. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరుగునంతవఱకు నీ ప్రాంతము నిజామాబాదు జిల్లాలో జేరియుండెను. సంగారెడ్డినుండి నాందేడునకు బోవు రాజమార్గము నీ మండలముమీదుగనే సాగుచున్నది. పిట్లము, బిచ్కుంద, జుక్కల్, మద్నూరు, నిజాంసాగరము దీనికి నిరుగుపొరుగులు. తెలుగు, కన్నడము, మరాఠీ మూడు భాషలును కలిసి వినబడు సీమ యిది.

భాషలు మూడు కలియునట్లే యీ చాయల రెండు విధములైన నేలలును గలియుచున్నవి. తూర్పున కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు నల్లరాతి గుట్టలు, గుండ్రని బండలు, ఎఱ్ఱ చెలక భూములు. పడమట జుక్కల్, మద్నూరు వైపు చదునైన మిట్టలు, నల్ల రేగడి. తూర్పున ఇంటి గోడకు నల్లరాతి బండ సులభముగ దొరకును. పడమట జొన్నయు, కందియు, ప్రత్తియు వానతోడనే పండును. ఎందులకిట్లున్నదని మన పెద్దలు ప్రశ్నింపకపోలేదు. కాని యా ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూఱేండ్లకు పైబడిన కాలము పట్టినది.

భూమిని గొలిచినవారు

మన సీమలో నాధునిక శాస్త్రము మొట్టమొదట కొలబద్దతో బ్రవేశించెను. విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి 1802వ సంవత్సరము ఏప్రిలు నెలలో మదరాసు చెంతనున్న పరంగికొండ యొద్ద భూమిని గొలుచుట కారంభించెను. మైదానమున నొక సరళరేఖను గొలుసులతో నతి జాగ్రత్తగ గొలిచి, యా రేఖ కొననుండి దూరపు కొండలమీది గుఱుతులను యంత్రముతో జూచి, కోణములను లెక్కగట్టి, త్రిభుజములకు త్రిభుజములను జోడించుకొనుచు నుత్తరముగ సాగుట యీ పద్ధతి. కన్యాకుమారి ప్రాంతమునుండి హిమాలయ పాదములవఱకు సాగిన యీ కొలతలు భూమి సరియైన గోళము గాదనియు, ధ్రువములయొద్ద నించుక నొక్కబడినదనియు లెక్కతో నిరూపించుట కుపకరించినవి.

ఈ మహాకార్యమునందు మన పొరుగూరికి నొక స్థానము గలదు. లాంబ్టన్ 1815లో బీదరు ప్రాంతమున దామరగిద్దయొద్ద నొక యాధారరేఖను గొలిపించెను. పెద్దకొడప్‌గల్‌నుండి యా చోటు నలువది మైళ్ల లోపలనే యున్నది. తరువాత లాంబ్టన్‌కు సహాయకుడుగ 1818లో హైదరాబాదు చేరిన జార్జి ఎవరెస్టు, 1823లో లాంబ్టన్ హింగన్‌ఘాటున మరణింపగా నా పనికి నాయకుడయ్యెను. ఆయన 1830లో ప్రకటించిన గ్రంథమునకు విషయము 18 డిగ్రీల 3 నిమిషముల యక్షాంశమునుండి 24 డిగ్రీల 7 నిమిషముల యక్షాంశమువఱకు గల భూభాగము. అందు దక్షిణపు కొన దామరగిద్దయే. లోకములోని మహోన్నత శిఖరమునకు పేరైన పురుషుని మొదటి మహాగ్రంథము మన మంజీరా పరిసరమునందలి గుట్టనుండి మొదలగుట మనవారిలో నెందఱెఱుగుదురు?

ఈ కొలతలయందే మఱియొక విచిత్రము బయలుపడెను. నక్షత్రములను జూచి నిర్ణయించిన దూరమునకును, నేలమీద గొలిచిన దూరమునకును నుత్తరదేశమున 5 సెకండ్లకు పైబడిన భేదము కానవచ్చెను. హిమాలయము తన గురుత్వముచే తూకపు గుండును దనవైపు లాగుచున్నదని తలంచి ప్రాట్ అను విద్వాంసుడు లెక్కింపగా, ఆ పర్వతము లాగవలసినంత లాగుట లేదని తేలెను. దాని ననుసరించి ప్రాట్, ఏరీ యను నిరువురును పర్వతములక్రింద తేలికైన పదార్థముండవలెనని రెండు విధములుగ సిద్ధాంతీకరించిరి. నీటిపై నోడ తేలునట్లు కొండలు భూగర్భముపై తేలుచున్నవను నేటి భావమునకు బీజమిదియే. యంత్రములను భుజములమీద మోసినవారును, కొండలపై జెండాలు పట్టి నిలిచినవారును, అడవి జ్వరములచే మరణించినవారును మనబోటి గ్రామస్థులే. వారి పేళ్లు గ్రంథములకెక్కలేదు.

రాతికథ

లాంబ్టన్ దండుతో 1818లో హెన్రీ వోయిసీ యను వైద్యుడు శిలాశాస్త్రజ్ఞుడుగ నియమింపబడెను. హైదరాబాదు ప్రాంతపు శిలలను బరిశీలించి నివేదికలు వ్రాసిన ప్రథముడాతడే. ఇతడు 1824లో స్వల్పవయస్సుననే మరణించెను. మన దేశమున భూవిజ్ఞానమునకు మూలపురుషుడని యాతనిని శాస్త్రజ్ఞులు గౌరవించుచున్నారు. కలకత్తాలో భారత భూవిజ్ఞాన సర్వే స్థాపింపబడినది 1851లో; దానికి మూడు దశాబ్దములకు ముందుగనే హైదరాబాదు రాళ్లు శాస్త్రజ్ఞుని సుత్తెదెబ్బ దినియున్నవి.

పడమటి నల్లరాయి యెట్లు పుట్టెను? ఇది యగ్నిపర్వత ద్రవము గడ్డకట్టినదని యా కాలమునకే కొందఱు గ్రహించిరి. ఒకదానిపై నొకటి పొరలుగ బఱచుకొని మెట్లవలె గానవచ్చుటచేత, స్వీడను భాషలో మెట్టు అను నర్థముగల పదముననుసరించి దీనికి ‘దక్కను ట్రాపు’ అని పేరు వచ్చెను. నేడు పశ్చిమ, మధ్య భారతములయందు దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర నీ శిల వ్యాపించియున్నది. దాని తూర్పు టంచు మన జిల్లా పడమటి మండలములలో బలుచనై ముగియుచున్నది. ఆ యంచుకు చేరువనే పెద్దకొడప్‌గల్ సీమ యున్నది.

ఈ ద్రవము ఒక్కసారిగ ప్రవహించెనా, విరామములతోనా యను సందేహమును దీర్చినవాడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ అను మదరాసు సైనిక వైద్యుడు. గోదావరి కావల నిర్మల ప్రాంతపు కొండలలో రెండు నల్లరాతి పొరల నడుమ నతనికి మంచినీటి నత్తగుల్లలు శిలారూపమున దొరకినవి. ఆ విషయమునాతడు 1837లో లండను భూవిజ్ఞాన సమాజమున కెఱిగించెను. 1840లో నది యచ్చుపడెను. నత్తలు పెరుగవలెనన్న చెరువు కావలెను. చెరువు నిండవలెనన్న వానలు కురియవలెను. కాబట్టి యొక ప్రవాహము చల్లారిన పిమ్మట, మఱియొకటి వచ్చులోపల, చెరువులు నిండి ప్రాణులు వర్ధిల్లుటకు జాలినంత కాలము గడచెనని స్పష్టమాయెను. గుప్పెడు నత్తగుల్లలు భూచరిత్రమున నొక యధ్యాయమును జదివించినవి.

నేటి లెక్కలచే నీ నల్లరాయి వయస్సు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములు. మహాకాయములైన రాక్షసబల్లులు నశించిన కాలమును నదియే. దీనియడుగునను, కామారెడ్డి వైపు బయటను గానవచ్చు నల్లరాతి బండ దీనికి ముత్తాత. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. మన పొలము గట్టుమీద గూర్చున్నవాడు తెలియకయే యీ రెండు యుగముల సరిహద్దుపై గూర్చుండుచున్నాడు.

ఇక రేగడి. నల్లమట్టికి పాశ్చాత్య శాస్త్రగ్రంథములలో ‘రెగర్’ అని పేరు. అది మన ‘రేగడ’ యే. న్యూబోల్డు అను సైనికోద్యోగి 1840ల నాటి తన దక్షిణదేశ శిలావర్ణనమునను, మెడ్లికాట్, బ్లాన్‌ఫర్డు అను నిరువురు 1879లో బ్రకటించిన భారత భూవిజ్ఞాన గ్రంథమునను నీ మట్టి పుట్టుకను జర్చించిరి. పూర్వపు జలాశయముల యడుగున బేరుకొన్న యొండ్రియని కొందఱును, నల్లరాయి శిథిలమై మాఱిన మట్టియని కొందఱును వాదించిరి. మన సీమవంటి చోట్ల రెండవ వాదమే నిలిచెను. ఈ మట్టిలోని యతిసూక్ష్మమైన బంక కణములు నీటిని బీల్చి యుబ్బును, ఎండకు గుంచించి పగుళ్లు వాఱును. వేసవిలో చేయి దూరునంత నెఱ్ఱెలు కానవచ్చుటకును, తొలకరిలో బండిచక్రము దిగబడుటకును నిదియే కారణము. మన రైతు నోటి మాట లోకమందలి విద్యాలయములకెల్ల బాఠ్యపదమగుట మనకు గర్వకారణము. ఆ మాట నిచ్చినవారు చదువుకొన్నవారు గారు, దున్నినవారు.

నీటికథ

మంజీర మహారాష్ట్రమున బీడు జిల్లాలో బాలాఘాటు కొండలయందు బుట్టి, లాతూరు, బీదరు సీమలగుండ బ్రవహించి, మన జిల్లాలో బ్రవేశించి, కందకుర్తియొద్ద గోదావరిలో గలియుచున్నది. దీని పొడవు 724 కిలోమీటర్లు. ఈ నదికి నీరిచ్చు ప్రదేశములో నధికభాగము పడమటి నల్లరాతి నేలయే యను సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను; ముందు దీనితో బనిగలదు.

1908 సెప్టెంబరు 28వ తేదిని మూసీనది హైదరాబాదును ముంచివేసిన పిమ్మట జలశాస్త్రమునకు హైదరాబాదు సంస్థానమున గౌరవము హెచ్చెను. ఆ నగరమున కై ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము నిర్మింపబడినవి. మన సీమలో 1922 నాటికి ఆలేరు వాగుపై పోచారము జలాశయము పూర్తియయ్యెను. 1923లో మంజీరపై నిజాంసాగరమున కారంభము జరిగి 1931లో బూర్తియయ్యెను. నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు దీనికి బ్రధాన శిల్పి. ఆయన జన్మదినమైన జూలై 11ని తెలంగాణమున ఇంజనీర్ల దినముగ బాటించుచున్నారు. 2,75,000 ఎకరములకు నీరిచ్చుటకై యీ జలాశయము సంకల్పింపబడెను. చెఱకు పండెను, దాని నాశ్రయించి 1937లో బోధనునందు నిజాము చక్కెర కర్మాగారము వెలసెను. అనేక గ్రామములు మాత్రము నీటి పాలయ్యెను. కాలువ క్రిందివారు సుఖపడుటకు జలాశయపు గర్భమునందలివారు ఊళ్లు విడిచిరను మాటను మనము మఱవరాదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. నిర్మాణకాలమున నిజాంసాగరము 29.72 శతకోట్ల ఘనపుటడుగుల నీటిని బట్టెడిది. ఈ శతకోటి ఘనపుటడుగులనే నేడు టీఎంసీ యని వ్యవహరించుచున్నారు. 1973లో దానిని మరల గొలిచి చూడగా 11.8 టీఎంసీలు మాత్రమే నిలుచునని తేలెను. 42 సంవత్సరములలో నూటికి 60 పాళ్లు పోయినది. నీరు పోలేదు, నీరుండవలసిన చోట మట్టి కూర్చున్నది. పూడిక యింత శీఘ్రముగ జేరునని కట్టినవారు తలంపలేదు. వారూహించిన దానికంటె వాస్తవము పలురెట్లయ్యెను. ఆ పిమ్మట నీటిమట్టమును హెచ్చించి 17.8 టీఎంసీలకు దెచ్చిరి.

ఈ మట్టి యెక్కడినుండి వచ్చెను? ఇచ్చటనే రాతికథయు నీటికథయు గలియుచున్నవి. పైనున్న వేలకొలది చదరపు మైళ్ల రేగడి నేలలో అడవులు నఱకబడి, మిట్టలు దున్నబడి, గట్లు తెగినకొలదియు మొదటి వానకు నల్లమట్టి వాగులలో గలిసి ప్రవహించును. ఇతర మట్టికంటె సన్నని బంక కణములగుటచే దూరము పోవును; నిలుకడ నీటిలో మెల్లగ నడుగు చేరును. జలాశయపు గట్టుకు సున్నము, రాయి సరిగ నున్నవో లేవో చూచినంతమాత్రమున చాలదు. ఎగువ రైతు పొలము గట్టునుగూడ జూడవలెను. ఒక ఇంజనీరు కట్టిన దానిని వేయి నాగళ్లు పూడ్చివేయగలవు. వేయి గట్లు కాపాడగలవు.

1989లో నెగువను సింగూరు జలాశయము 29.9 టీఎంసీల పరిమాణముతో బూర్తియయ్యెను. మంజీర నీరు 1965నుండి హైదరాబాదు నగరమునకు ద్రాగుటకు బోవుచుండెను. సింగూరుతో నది మఱింత హెచ్చెను. నగరము దాహము దీరుట ధర్మమే. అయినను దిగువ నాయకట్టు రైతు వానలు వెనుకబడిన సంవత్సరమున నెగువకు జూచుచు నిలువవలసి వచ్చుటయు సత్యమే.

బావులు, నారికురుపు, బోరులు

కాలువ యందని యూళ్లకు బావియే గతి. హైదరాబాదు సంస్థానమున లియొనార్డు మన్ అను గనుల శాస్త్రజ్ఞుడు భూవిజ్ఞాన సర్వేయందును, బావుల త్రవ్వకపు శాఖయందును బనిచేసి, ఎచ్చట ద్రవ్విన నీరు పడునను ప్రశ్నను శిలాశాస్త్రముతో ముడివేసెను. ఆ సర్వేలోనే కలమూర్ మహాదేవన్, సర్ సి. వి. రామన్ శిష్యుడు, కొంతకాలము పనిచేసి, పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు భూవిజ్ఞాన శాఖను దీర్చిదిద్దెను.

పూర్వము మన యూళ్లలో దిగుడుబావులుండెడివి. మెట్లు దిగి, మోకాలిలోతు నీటిలో నిలిచి, కడవ ముంచుకొనెడివారు. ఆ యాచారమువలననే నారికురుపు వ్యాపించెడిదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కురుపున్నవాని కాలినుండి పురుగు నీటిలో పిల్లలను విడుచును. ఆ పిల్లలు నీటిలోని సూక్ష్మమైన ప్రాణిలో జేరును. ఆ నీరు త్రాగినవానికి సంవత్సరము దిరుగునప్పటికి మఱల కురుపు లేచును. మందు లేదు, గుడ్డతో వడగట్టుటయు, మెట్లు మూసి చేదబావి చేయుటయు నివియే యౌషధములు. ఈ రెంటి బలముననే 1996లో మన దేశమున చివరి రోగి కానవచ్చెను. 2000లో భారతదేశము నారికురుపునుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించెను. నీటిశాస్త్రము పల్లెటూరి కాళ్లకు జేసిన మహోపకారమిది. కాళ్లు వాచి పంటకాలమున మంచముపట్టిన తాతల కథలు విన్నవారికి దీని విలువ తెలియును.

ఒక రోగము పోగా మఱియొక చిక్కు వచ్చినది. కరెంటు మోటారులు వచ్చిన పిమ్మట మోట మూలబడెను. బావి పోయి బోరు వచ్చెను. మొదటి బోరెండిన రెండవది, అది యెండిన మూడవది, లోతు హెచ్చించుకొనుచు నప్పు హెచ్చించుకొనుచు బోవుట మన గ్రామములలో నింటింటి కథ. పాతాళమున గంగ నిండియున్నదనియు, ఇంకను లోతునకు బోయిన దొరకుననియు మనవారి నమ్మకము. శాస్త్రమిందులకు విరుద్ధముగ బలుకుచున్నది.

హైదరాబాదునందు 1961లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ యేర్పడెను. దాని యాధ్వర్యమున 1999లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులతో గలిసి భూగర్భజల పరిశోధనా కేంద్రము నెలకొల్పి, హైదరాబాదు చెంతనున్న మహేశ్వరము ప్రాంతమును నిశితముగ బరీక్షించిరి. నల్లరాతి నేలలో బైన మెత్తబడిన మొఱముపొర యుండును. అది కుండవలె నీటిని దాచును. దానిక్రింద పగుళ్లువాఱిన రాతిపొర యుండును. అది తూమువలె నీటిని బావికి నడుపును. ఈ రెండును గలిసి కొన్ని పదుల మీటర్లు మాత్రమే. దానిక్రింది గట్టిరాతిలో నీరు దొరకుట యదృష్టమే గాని యాధారము గాదు. మనము బోరులతో దోడి తోడి కుండను ఖాళీచేసి, తూములోని చుక్కలకై వెదకుచున్నామని దీని సారాంశము. అయిదువందల యడుగుల బోరునకు వెచ్చించు ధనములో గొంత వాననీటిని నేలలోని కింకించుటకు వెచ్చించిన మేలని గ్రహింపవలెను. పడమటి నల్లరాతి నేలలో మాత్రము క్రమము వేఱు. అచ్చట నొక లావా ప్రవాహమునకును మఱియొకదానికిని నడుమనున్న బుడగల రాయియు, చీలికలును నీరిచ్చును. బంకరాయి వచ్చినచో నీరు నిలిచిపోవును. ఒక రైతునకు నీరుపడిన లోతు పొరుగు మండలపు రైతునకు బ్రమాణము గాదు.

రాష్ట్రమున భూగర్భజల శాఖ 1971లో నేర్పడెను. నీరు, నేల, చెట్ల రక్షణకై 2002లో వాల్టా చట్టము వచ్చెను. 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడికతీత సాగెను. చెరువులోని నల్లమట్టిని పొలములకు మఱల జేర్చుట మన తాతల యాచారమే. వాగు దీసికొనిపోయిన సొత్తును యజమాని తిరిగి తెచ్చుకొనుటవంటిదది.

భూమి కంపించిన రాత్రి

1993 సెప్టెంబరు 30వ తేది తెల్లవాఱుజామున లాతూరు ప్రాంతమున కిల్లారియొద్ద భూకంపము సంభవించి దాదాపు పదివేలమంది మరణించిరి. కిల్లారి యున్న తేర్ణానది మంజీరలోనే కలియుచున్నది. ఆ కదలిక మన సీమలోను దెలిసెను. స్థిరమైనదని పేరుబడిన దక్కను నేల యేల కంపించెనని దెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు కిల్లారియొద్ద 617 మీటర్ల లోతునకు రంధ్రము దొలిచిరి. నల్లరాయి 338 మీటర్లు మాత్రమే యుండెను. దానిక్రింద పూర్వపు టొండ్రిపొర 8 మీటర్లు. ఆ క్రింద మన కామారెడ్డి గుట్టలను బోలిన ప్రాచీన శిల. పడమటి రేగడియు, తూర్పు బండయు నొకే యింటి మేడయు, పునాదియు నని యీ రంధ్రము కన్నులకు గట్టినట్లు చూపెను. మట్టి, రాతి మిద్దెలు కూలి జనులు నలిగినందున నిండ్లెట్లు కట్టవలెనను పాఠమును మనము దానినుండి నేర్వవలసియున్నది.

మృగపక్షులు

సాలిం అలీ యను పక్షిశాస్త్రజ్ఞుడు 1931-32లో హైదరాబాదు సంస్థానమునందు సంచరించి పక్షులను బరిశీలించి, 1933-34లో బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘపు పత్రికయందు దన నివేదికలను బ్రకటించెను. సంస్థానమంతటను పద్ధతి ననుసరించి జరిగిన యిట్టి పక్షి పరిశీలనమదియే ప్రథమము. నిజాంసాగరము నిండనారంభించినదియు నా సంవత్సరముననే.

మనుష్యుడు నీటికై కట్టిన గట్లు పక్షులకును నాతిథ్యశాలలైనవి. పోచారము పరిసరమును 1952లో వన్యప్రాణి రక్షణస్థానముగ నిర్ణయించిరి. చలికాలమున పోచారము, నిజాంసాగరముల తీరములకు, తలపై రెండు నల్లని పట్టెలుగల పెద్దబాతులు వచ్చుచుండును. అవి వేసవిని మధ్య ఆసియాలోను టిబెట్టులోను గల యున్నత సరస్సులయొద్ద గడపి, పిల్లలను జేసి, హిమాలయముల నధిగమించి మన రేగళ్లలో దిగును. లాంబ్టన్, ఎవరెస్టులు నలువది యేండ్లు గొలిచిన దారిని ఈ పక్షులు యంత్రము లేకయే యెఱుగును.

సంగారెడ్డి చెంత మంజీరలో మొసళ్లు గలవు. తోళ్లకై వేటాడబడి దేశమంతట నశింప నారంభింపగా, 1972లో వన్యప్రాణి రక్షణ చట్టమును, 1975లో మొసళ్ల సంరక్షణ పథకమును వచ్చెను. 1978లో మంజీరను మొసళ్లకై రక్షణస్థానముగ బ్రకటించిరి. మొసలి యున్న మడుగు జీవించియున్న మడుగని మంజీరలో చేపలుపట్టు బెస్తవారికి శాస్త్రజ్ఞులు చెప్పనక్కఱలేదు.

సామాన్యుల యెఱుక యెంతటిదో యొక యుదాహరణము చాలును. కలివికోడి యను పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడక నశించినదని తలంపబడెను. 1986 జనవరిలో కడప జిల్లాలో భరత్ భూషణ్ అను పరిశోధకుడు దానిని మరల గనుగొనెను. దానిని చేజిక్కించుకొని చూపినవాడొక స్థానిక వేటగాడు. గ్రంథములు నశించినదన్న పక్షి వానికి బ్రతినిత్యము కనబడు పొరుగుదియే!

మన కర్తవ్యము

ఈ చరిత్రమును బరిశీలించినచో నొక సంగతి విశదమగును. కొలిచినవారును, వ్రాసినవారును బయటివారు. దారి చూపినవారును, మోసినవారును, పేరిచ్చినవారును మనవారు. ‘రేగడ’ మనది, ‘రెగర్’ వారిది. ఇందు దోషము వారిది కాదు. వారు వ్రాసిరి, మనము వ్రాయలేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగు పెద్దలు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను తెలుగున బ్రకటింప నారంభించినది యీ లోపమును దీర్చుటకే. ఆ పని నేటికిని సగములోనే నిలిచియున్నది.

కావున సభవారికి మూడు మనవులు. మొదటిది: ప్రతి గ్రామమున నొక బావుల పుస్తకము పెట్టవలెను. ఏ పొలమున నెన్నవ యేట నెంతలోతు బోరు వేసిరి, ఏ రంగు మట్టి, ఏ రాయి పడెను, నీరెంత లోతున దొరకెను, ఎప్పుడెండెను అను నంశములను వ్రాసి యుంచినచో, పదియేండ్లలో నా పుస్తకమే గ్రామమునకు శాస్త్రగ్రంథమగును. నీరు పడని బోరునుగూడ వ్రాయవలెను. పరువునకై దాచిన వైఫల్యము పొరుగువానికి మఱియొక యప్పుగ మాఱును.

రెండవది: వదాన్యులు సత్రములకును గోపురములకును నిచ్చుచున్న దానములో గొంత, భూవిజ్ఞానము, జలవిజ్ఞానము, జంతుశాస్త్రము చదువు బాలబాలికల కుపకారవేతనములుగ నొసంగవలెను. మన పిల్లలు వైద్యులును, యంత్రశాస్త్రజ్ఞులును నగుట సంతోషమే. కాని మన నేల రోగమును జూచు వైద్యులు గూడ మనకు గావలెను.

మూడవది: ఎగువ పొలము గట్టు దిగువ చెరువునకు బ్రాణమని యెఱిగి, మన మిట్టపొలములలో వాలున కడ్డముగ దున్నుటయు, గట్లు నిలుపుటయు, వాగుల యొడ్డున చెట్లు పెంచుటయు సభాసదులు దామే యారంభింపవలెను. దీనికి సర్కారు శాసనము రానక్కఱలేదు.

నత్తగుల్ల 6 కోట్ల యేండ్లు వేచి తన కథను చెప్పుకొన్నది. మనకంత వ్యవధి లేదు. నిజాంసాగరము సగమునకుపైగ పూడుటకు 42 యేండ్లే చాలినవి. ఒక తరము బ్రదుకునంత కాలము. మన తరమేమి వ్రాసి యుంచినదని మనుమలడుగునపుడు చూపుటకు బావుల పుస్తకమైనను మన యింట నుండవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.